తళతళ తుడిచిన తలుపు

ఊరి మ్యూజియంలో అద్దాలు తుడిచే ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దానితో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆవిడ తళతళ. ఊరికే వచ్చిన పేరు కాదది. ఆవిడ తుడిచిన అద్దం శుభ్రంగా కనిపించడం కాదు, అసలు కనిపించనే కనిపించదు. ఒకాయన పాత కత్తుల పెట్టె ముందు నిలబడి, మధ్యలో ఏమీ లేదనుకుని, పిడి పట్టుకు చూద్దామని ముందుకు వంగాడు. ముక్కు చదునై ఇంటికి వెళితే భార్య ఎవరో పరాయివాడనుకుని తలుపు తియ్యలేదట. ఈగలు ఆ అద్దాల మీద వాలబోయి జారిపడేవి. మెట్ల పక్కన పెట్టిన రాగి గుండిగలో తన మొహం చూసుకున్న కాకి ఒకటి, నేనింత అందగత్తెనా అని మురిసిపోయి, గూడు మరిచి అక్కడే కాపురం పెట్టింది. పెద్ద గదిలో పటం కట్టిన రాజుగారికి ఎడమ కన్ను పొర కమ్మి ఉండేదని, తన గుడ్డ తగిలాకే ఆయనకు చూపు వచ్చిందని తళతళ స్వయంగా చెప్పేది. నిజమేనా అని ఎవరైనా అడిగితే, "కన్ను ఆయనది, గుడ్డ నాది. మధ్యలో నీకేం నొప్పి?" అనేది.

మ్యూజియం మంచి చోటు, జనం రాకుండా ఉంటే ఇంకా మంచి చోటు అని ఆవిడ గట్టి నమ్మకం. జనానికి వేళ్ళుంటాయి. వేళ్ళకు జిడ్డుంటుంది. ఆ జిడ్డు తెచ్చి అద్దానికి పూయడానికే వాళ్ళు టికెట్టు కొనుక్కుని మరీ వస్తారు. తళతళ గది మూల స్టూలు మీద, భుజాన గుడ్డ వేసుకుని, కళ్ళల్లో నిప్పులు పోసుకుని కూర్చునేది. ఎవరైనా చెయ్యి చాపితే చాలు, "జేబులో పెట్టుకో నాయనా ఆ చెయ్యి. జేబు లేకపోతే చంకలో పెట్టుకో" అని మూల నుంచి వినిపించేది. ముట్టుకోరాదు అన్న బోర్డు లోకానికంతటికీ వర్తిస్తుంది, ఆవిడకు తప్ప. ఎందుకంటే ఆవిడ లెక్క వేరు. వస్తువు ఆఫీసుది, దాని మీది మురికి తనది. ఎంతమంది ఆఫీసర్లు వచ్చి వెళ్ళినా ఈ పంపకాన్ని కాదన్నవాళ్ళు లేరు. కాదనడానికి వాళ్ళకు అసలు చెబితే కదా.

ఇలా నడుస్తుండగా ఊరికి వరద వచ్చింది.

ఊళ్ళో రెండు పెద్ద వీధులు. ఎగువ వీధి గట్టు మీద, దిగువ వీధి నది పక్కన. ఆనకట్ట గేట్లు ఎవరు ఎత్తమన్నారో, ఎందుకు దిగువ వైపువే ఎత్తారో, ఇప్పటికీ తేలలేదు. నీళ్ళు మాత్రం తేల్చుకున్నాయి. దిగువ వీధి కిటికీల దాకా మునిగింది. ఎగువ వీధిలో ఒక్క చెప్పు తడవలేదు. ఆ రోజు నుంచి రెండు వీధుల మధ్య గడ్డి వేస్తే మండేది. దిగువవాళ్ళు ఎగువ వీధిలోకి వస్తే కిటికీలు టపటపా మూసుకునేవి. ఎగువవాళ్ళు పాలకు వెళితే పాలాయన కావాలని వాళ్ళ గిన్నె ఆఖర్న పోసేవాడు, అదీ నురగ ఎక్కువగా.

తళతళ ఇల్లు ఎగువ వీధిలో. దిగువ వీధిలో ఇల్లు మునిగిన తన తోడికోడలు పిల్లల్నీ మూటల్నీ తీసుకుని ఆ ఇంట్లోనే దిగింది. దిగినదాన్ని కాస్త ఓదార్చాలని తళతళకు తోచలేదు. తోచినదల్లా నోటికొచ్చిన కోత కొయ్యడమే.

"నీళ్ళు మన గుమ్మం దాకా వచ్చాయే. నా చీపురు చూసి, ఈవిడతో మనకెందుకులే అని వెనక్కి మళ్ళాయి" అంది.

తోడికోడలు తడి దుప్పటి పిండుతూ తల ఎత్తలేదు. "మాకూ ఒక చీపురు పంపాల్సింది అక్కా. మీ వీధిలో చీపుళ్ళకు కరువొచ్చిందా?"

"అడిగితే కదా పంపడానికి."

"నీళ్ళలో మునుగుతూ అడగాలని తోచలేదు."

ఆ తర్వాత ఇద్దరూ ఒకే వంటింట్లో, ఒకళ్ళకొకళ్ళు వీపు పెట్టి బతకడం నేర్చుకున్నారు.

మ్యూజియానికి అప్పుడే ఆఫీసరుగా కొత్త మేడమ్ వచ్చింది. చిన్న వయసు, పెద్ద కళ్ళజోడు, మాట మెత్తన. స్కూళ్ళ నిండా ఇళ్ళు మునిగినవాళ్ళు పడుకుని ఉన్నారు, ఆస్పత్రి వరండా నిండా వాళ్ళే. ఆవిడ సిబ్బందిని పిలిచి నిలబెట్టింది.

"ఊరు దెబ్బతింది. తిండీ మందులూ ఎవరో ఒకరు ఇస్తున్నారు. కాసేపు కూర్చుని మనసు కుదుటపరుచుకునే చోటు మాత్రం ఎవరూ ఇవ్వడం లేదు. మనం ఇద్దాం. టికెట్టు లేదు, తలుపులు బార్లా తీద్దాం."

"మనసులు రానివ్వండి మేడమ్, నాకేం అడ్డం లేదు" అంది తళతళ. "చెప్పులు మాత్రం బయటే."

మేడమ్ నవ్వింది. తళతళ నవ్వలేదు. ఆవిడ హాస్యమాడలేదు మరి.

ముందు గది ఖాళీ చేయించి బెంచీలు వేయించింది మేడమ్. మునిగిన ఇళ్ళ నుంచి తలా ఒక వస్తువు తెచ్చి ఇవ్వమంది, ఎలా ఉన్నది అలాగే. జనం తెచ్చారు. ఉబ్బిపోయిన రేడియో. రెక్కలు వంగిన స్టాండు ఫ్యాను. మంగలి షాపు కుర్చీ. బురద గడ్డ కట్టిన గ్యాసు పొయ్యి. అన్నీ గోడ వెంబడి వరసగా పెట్టారు, మట్టితో సహా. వరద గది అని పేరు పడింది.

మనసు కుదుటపడడం సంగతి అలా ఉంచండి. మొదట్లో జనం వచ్చింది పొడి నేల కోసం, పనిచేసే పంపు కోసం. తర్వాత ఎవరి వస్తువు ఎక్కడ పెట్టారో చూసుకోవడానికి వచ్చారు. ఆ తర్వాత పోట్లాడుకోవడానికి వచ్చారు. ఊళ్ళో రెండు వీధులవాళ్ళూ ఎదురెదురు పడే పొడి చోటు అదొక్కటే మరి. ఎగువ వీధి లెక్కల మాస్టారు ఫ్యాను మీది నీటి గీత చూసి, "ఇంత ఎత్తు వచ్చి ఉండదు. ఇల్లు పల్లంలో కట్టుకుని ఉంటారు" అన్నారు.

"కొలవడానికి మీరే దిగాల్సింది మాస్టారూ" అన్నాడు బెంచీ మీది పాలాయన. "తల మునిగితే లెక్క తేలేది."

"నోరు జారకు."

"కాలు జారినవాళ్ళం, మాకు నోరొక లెక్కా?"

మేడమ్ పరుగున వచ్చి ఇద్దరి మధ్యా నిలబడి, ఇక్కడ ప్రశాంతంగా ఉందామని బతిమాలింది. ప్రశాంతత అన్న మాట ఆవిడ నోట రోజూ వినీ వినీ బెంచీల మీదివాళ్ళకు చెవులు తుప్పుపట్టాయి.

ఆవిడకు చూపించుకోవడానికి ఒక్క ప్రశాంతమైన మనిషి మాత్రం దొరికాడు. దిగువ వీధి దర్జీ. అతను ఇచ్చింది ఒక చెక్క బీరువా తలుపు. బీరువా మిగతా భాగం నదిలోకి పోయింది. అతను తెరవగానే వచ్చేవాడు, ఆ తలుపు ఎదురుగా కూర్చునేవాడు, మూసేటప్పుడు లేచి వెళ్ళేవాడు. మధ్యలో ఉలుకూ లేదు పలుకూ లేదు. వరద వెళ్ళిన దగ్గర్నుంచి అతను నోరు విప్పి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. "చూశారా, ఈ గది ఆయనకు ఎంత ఊరటనిస్తోందో" అని వచ్చే పోయే పెద్దలకు మేడమ్ అతన్ని చూపించేది.

"ఊరటా పాడా" అనేది తళతళ, గుమ్మంలో టికెట్లు చింపే బాబాయితో. "పక్క గదిలో గడ్డి కూరిన గుడ్లగూబ ఉంది. దానికి ఇంతకంటే చలాకీతనం ఉంది." దర్జీ ముందు నుంచి బకెట్టు పట్టుకు వెళుతూ, "కాళ్ళెత్తు దొరా, నీ కింద నేల ఉందో లేదో చూసుకోవాలి" అనేది. అతను కాళ్ళెత్తేవాడు. కళ్ళు మాత్రం తలుపు మీది నుంచి తీసేవాడు కాదు.

అతను ఏం చూస్తున్నాడో తళతళకు తెలియదు, మేడమ్‌కూ తెలియదు. మనం తెలుసుకోవచ్చు. ఆ తలుపు మీద నీటి గీతకు పైన ఒక మట్టి మరక ఉంది. చూసేవాళ్ళకు అది చిందిన బురద. దర్జీకి మాత్రం అది వాళ్ళమ్మ చెయ్యి. నీళ్ళు పెరుగుతుంటే ఆవిడ బల్ల ఎక్కబోతూ బురద చేత్తో ఆ తలుపు పట్టుకుంది. పట్టుకున్న చోట అరచెయ్యి, జారిన చోట వేళ్ళ గీతలు. మనుషుల్ని చూపుతోనే కొలిచేవాడికి ఆ చెయ్యి ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్ళు తీశాక ఆవిణ్ణి బయటికి తెచ్చి కాటికి సాగనంపారు. ఆవిడవి బట్టలు లేవు, ఫోటో లేదు, మిషను లేదు. ఉన్నది ఆ మరక ఒక్కటే. ఇంట్లో ఉంచుకోవడానికి ఇల్లు లేదు గనక మ్యూజియంలో పెట్టాడు. అది ఏమిటో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ సమయంలో నువ్వెక్కడున్నావని అడుగుతారు.

ఇక తళతళ సంగతి. ఆ గదిలోని మట్టి ఆవిణ్ణి పొద్దస్తమానం కవ్విస్తోంది. తను పనిచేసే చోట, తన కళ్ళెదుట, తన గుడ్డ చేతిలో ఉండగా అంత బురదా? పైగా ఆ బురదే గొడవలన్నింటికీ మూలమని ఆవిడకు రూఢి అయిపోయింది. దాన్ని చూడగానే దిగువవాళ్ళకు కళ్ళు ఎర్రబడుతున్నాయి, ఎగువవాళ్ళకు మూతులు బిగుసుకుంటున్నాయి. ఇంటికి వెళితే తోడికోడలి మొహంలోనూ అదే బురద. ఎగువ వీధిలో ఇల్లు ఉండడం తన తప్పయినట్టు, గేట్లు తన నడుముకు కట్టుకున్న తాళాలతో తెరిచినట్టు. కడిగేస్తే పోదా? వాళ్ళ వస్తువులు వాళ్ళకు కొత్తవాటిలా కనిపిస్తే చేతులెత్తి మొక్కరా? వస్తువు ఆఫీసుది, మురికి తనది. అడగడానికేముంది.

సోమవారం మ్యూజియానికి సెలవు. మేడమ్ పై ఊరి మీటింగుకు వెళ్ళింది. తళతళ వేడినీళ్ళు కాచుకుని, సబ్బు నురగ తీసుకుని, చీర కుచ్చిళ్ళు దోపి వరద గదిలోకి దిగింది.

ఆ కడుగుడు కడుగుడు కాదు. రేడియో ఒళ్ళు తోముతుంటే అది ఎప్పుడో ఆగిపోయిన పాట అందుకుందని ఆవిడే తర్వాత చెప్పింది. గ్యాసు పొయ్యి వెలిగించకుండానే మెరిసింది. మంగలి కుర్చీ మీద వాలిన దోమ జారి గోడకు గుద్దుకుంది. ఫ్యాను రెక్కలు, బీరువా తలుపు, ఇనప పెట్టె, ఏదీ వదల్లేదు. సాయంత్రానికి గదిలో అడుగుపెడితే ఏదో సామాన్ల షాపు ప్రారంభోత్సవంలా ఉంది. తళతళ నడుం పట్టుకుని నిలబడి, తన కడుపున పుట్టినవాటిని చూసుకున్నట్టు చూసుకుంది. ఇంటికి వెళ్ళి తోడికోడలితో, "రేపు మ్యూజియానికి రా. మీ వీధికి నేనేం చేశానో చూద్దువుగాని" అంది.

మంగళవారం తలుపులు తీశారు. లోపలికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే నిలబడిపోయారు.

పాలాయన ఫ్యాను ముందుకు వెళ్ళి ఇటు తిరిగి చూశాడు, అటు తిరిగి చూశాడు. "ఇదెవరిది?"

"నీదే" అంది తళతళ మూల నుంచి, మెడ నిక్కించి.

"నాది కాదు. నాది మునిగింది."

"మునిగిందే. తేల్చాను."

అప్పటికే లెక్కల మాస్టారు కళ్ళజోడు సర్దుకుని వరస అంతా ఒక చుట్టు తిరిగి వచ్చారు. ఆయన మొహం విప్పారింది. "ఇదిగో, చూడండి. చెక్కు చెదరలేదు. దీనికా ఇంత యాగీ? నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను."

అంతే, గది భగ్గుమంది. నీళ్ళు వచ్చాయి అనడానికి దిగువవాళ్ళకు మిగిలిన సాక్ష్యం ఆ బురద. అది సబ్బు నురగలో కొట్టుకుపోయింది. ఎవరో మాస్టారి చొక్కా పట్టుకున్నారు. ఎవరో పాలాయన్ని నడుం పట్టి లాగారు. గుమ్మం దగ్గర నిలబడ్డ తోడికోడలు తళతళ వైపు చూసింది, ఒక్క మాట అంది. "మొత్తానికి నీ చీపురు మా ఇంటికి కూడా వచ్చిందక్కా." తిరిగి వెళ్ళిపోయింది.

ఆ గొడవలోకి దర్జీ వచ్చాడు.

అలవాటు కొద్దీ వచ్చి, అలవాటు కొద్దీ బెంచీ మీద కూర్చుని, తల ఎత్తాడు. లేచాడు. తలుపు దగ్గరికి వెళ్ళి, నీటి గీత ఉండాల్సిన చోటుకు పైన, చెక్కకు తగలకుండా గాలిలో చెయ్యి ఆనించాడు. అతన్ని చూసి అరుపులు ఒక్కొక్కటే ఆగాయి.

"ఎవరు?" అన్నాడు. చాన్నాళ్ళు నూనె లేని మిషను తిరిగినట్టుంది గొంతు.

"నేనే" అంది తళతళ. ఇంకా మెచ్చుకోలు వస్తుందనే ఆవిడ ఆశ. "అంత మురికి మీద..."

"మా అమ్మ చెయ్యి అది."

"ఏది?"

"నువ్వు తుడిచింది. మా అమ్మ చెయ్యి తుడిచేశావు."

ఆ తర్వాత అతని నోరు ఆగలేదు. వరద నాటి నుంచి బిగబట్టినదంతా ఒక్కసారి తెగింది. నీ నాలుక కుట్టెయ్యాలి అన్నాడు, అదీ కాజా లేకుండా, మళ్ళీ విప్పే వీల్లేకుండా అన్నాడు. నీ కళ్ళు గుండీలకైనా పనికిరావు అన్నాడు. మనుషుల్ని తుడిచే గుడ్డతోనే నీ మొహం కప్పాలి అన్నాడు. మధ్యమధ్యలో తిట్ల నుంచి జారిపడ్డట్టు వేరే మాటలు వచ్చాయి. ఆ రోజు కుట్టిన బట్టలు ఎగువ వీధిలో ఇచ్చి రావడానికి బయలుదేరాడట. వాన ముదురుతోంది, నువ్వూ వచ్చెయ్యి అన్నాడట. "రాను పో అంది. నేను పోయాను. నేను పోయాను, విన్నావా?" అని తళతళ మొహంలో మొహం పెట్టి అరిచాడు. అవతల గట్టు మీద, ఎవరిదో అరుగు మీద, నీళ్ళు దాటి రాలేక రాత్రంతా నిలబడ్డాడట.

తళతళ తగ్గితే కదా. తగ్గడం ఆవిడకు ఎవరూ నేర్పలేదు. "చెప్పొద్దా?" అంది. "అన్నాళ్ళు కూర్చున్నావే, ఇది ఫలానా అని ఒక్క మాట చెప్పొద్దా? నోట్లో సూదులు పెట్టుకున్నావా?"

"అడిగావా? కాళ్ళెత్తమన్నావు. అది తప్ప ఒక్క మాట అడిగావా?"

దానికి తళతళకు ఇంకా ఒళ్ళు మండింది.

మీటింగు నుంచి వచ్చిన మేడమ్‌కు గుమ్మంలోనే సంగతి తెలిసింది. పాలిపోయిన మొహంతో లోపలికి వచ్చింది. ఆవిణ్ణి పంపెయ్యండి, ఇప్పుడే పంపెయ్యండి అని దిగువవాళ్ళు ఒక్క గొంతుతో అన్నారు. వింత ఏమిటంటే ఎగువవాళ్ళూ అదే అన్నారు. వరద వచ్చాక రెండు వీధులూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు.

"అమ్మా" అంది మేడమ్, "మీరు రేపట్నుంచి రావద్దు."

తళతళ భుజం మీది గుడ్డ తీసి బకెట్టులో పడేసింది. ఎవరి మొహమూ చూడకుండా గుమ్మం వైపు నడిచింది.

"ఆగండి" అన్నాడు దర్జీ. ఆవిణ్ణి కాదు, మేడమ్‌ను. "మీరు ఆవిణ్ణి పంపిస్తే నేను ఎవర్ని తిట్టాలి?"

మేడమ్‌కు అర్థం కాలేదు.

"నదిని తిడదామంటే అది వినదు. గేట్లు ఎత్తినవాడు ఎవడో చెప్పరు. నన్ను నేను తిట్టుకుని తిట్టుకుని నోరు ఎండిపోయింది. ఇన్నాళ్ళకు ఒక మనిషి దొరికింది. చేసింది నేనే అని నిలబడి చెప్పింది. ఈవిణ్ణి తీసేస్తారా మీరు?" అతను బెంచీ మీద కూర్చున్నాడు. "ఈవిడ ఇక్కడే ఉండాలి. నేను రేపొస్తాను. రోజూ వస్తాను."

అలా తళతళ ఉద్యోగం నిలబడింది. అంత పరువు తక్కువ నిలబడ్డం ఇంకొకటి ఉండదు.

అన్నట్టే వచ్చాడు దర్జీ. తెరవగానే వచ్చి, తలుపు ఎదురు బెంచీ మీద కూర్చుని, తళతళ కనబడగానే మొదలుపెట్టేవాడు. తళతళ ఊరుకునే రకమా? నేల తుడుస్తూనే తిరిగి అంటించేది. "పొద్దున్నే తయారయ్యావు. ఇంట్లో అద్దంలో నీ మొహం నీకే నచ్చక ఇక్కడికొచ్చావా?" అనేది. "ఇల్లు ఎక్కడుంది నాకు, అద్దం ఉండడానికి?" అనేవాడు అతను. ఆవిడ నాలిక కరుచుకుని, మరునిమిషమే ఇంకో మాట వెతుక్కునేది. అతను ప్రతి తిట్టులోనూ వాళ్ళమ్మ గురించి ఒక ముక్క వదిలేవాడు. ఆవిడ కత్తిరించిన గుడ్డలో ఒక్క పీలిక వృథా అయ్యేది కాదని, నువ్వు వృథా చేసిన నీళ్ళు చూస్తే నీ జుట్టు పట్టుకునేదని. పక్కింటివాళ్ళు కొలతలకు వస్తే లావయ్యావని మొహం మీదే చెప్పేదని. తళతళ వినేది. విననట్టు వినేది.

దీన్ని చూసి మిగతావాళ్ళకూ నోళ్ళు లేచాయి. పాలాయన మాస్టారి కోసం కాచుకుని కూర్చునేవాడు. మాస్టారు రాకుండా ఉండలేకపోయేవారు. కోపం పట్టుకుని ఇంటికి వెళితే నిద్ర రాదు, ఇక్కడ దింపి వెళితే వస్తుంది. ఎవరూ ఎవరితోనూ రాజీ పడలేదు. రెండు వీధుల మధ్య ప్రేమ పొంగిందని ఎవరైనా చెబితే నమ్మకండి. అంత అబద్ధం తళతళ కూడా ఆడలేదు. కాకపోతే కిటికీలు మూసుకునే చోట కాకుండా మొహాలు కనిపించే చోట తిట్టుకున్నారు. మేడమ్ కొన్నాళ్ళు అడ్డుపడింది. తర్వాత బెంచీలు గోడ వారనుంచి జరిపించి ఎదురెదురుగా వేయించింది. ప్రశాంతత అన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంట్లో తళతళకు కోతలు కొయ్యడానికి శ్రోతలు లేరు. తోడికోడలు మాట్లాడడం మానేసింది. రాజుగారి కన్ను గురించి పిల్లలకు చెప్పబోయి మధ్యలోనే మానేసింది. గుడ్డ పట్టుకుంటే చాలు, ఎక్కడ ఎవరి చెయ్యి తుడుస్తున్నానో అన్న భయం. అద్దాల మీద ఈగలు ఇప్పుడు హాయిగా వాలుతున్నాయి.

ఒక మధ్యాహ్నం వాన పట్టింది. వాన పడితే దిగువవాళ్ళు ఎక్కడున్నా లేచి ఇళ్ళ వైపు పరుగెత్తడం అలవాటైపోయింది. గది ఖాళీ అయ్యింది. దర్జీకి పరుగెత్తి వెళ్ళడానికి ఎవరూ లేరు గనక అతను కూర్చునే ఉన్నాడు. తళతళ స్టూలు మీద ఉంది.

"ఒకటి అడుగుతాను" అన్నాడు అతను. ఆ గొంతులో తిట్టు లేదు. తళతళకు అందుకే భయం వేసింది.

"అడుగు."

"నేను ఆ చెయ్యి ముట్టుకోలేదు. ముట్టుకుంటే రాలిపోతుందేమోనని ఒక్క రోజు కూడా ముట్టుకోలేదు. నువ్వు ముట్టుకున్నావు. ఆఖర్న ఆవిణ్ణి ముట్టుకుంది నువ్వే." ఆగాడు. "ఎలా ఉంది?"

తళతళకు ఏదో ఒకటి చెప్పి అతని మనసు నింపాలి అనిపించింది. నింపడం ఆవిడకు చేతనైన విద్య. "వెచ్చగా ఉంది" అని మొదలుపెట్టింది. "గుడ్డ వెయ్యగానే వెచ్చగా తగిలింది. నా చెయ్యి పట్టుకున్నట్టే అయ్యింది. అబ్బాయికి చెప్పు, నేను బాగానే..."

"మా అమ్మ చేతులు ఎండాకాలంలో కూడా మంచుగడ్డలు" అన్నాడు దర్జీ. "అబద్ధం కుట్టాలన్నా కొలత తీసుకుని కుట్టాలి."

తళతళ తల వంచుకుంది. బయట వాన జోరు పెరిగింది.

"నేను చూళ్ళేదు" అంది చివరికి. "చెయ్యని తెలియదు. మనిషని తెలియదు. మా తోడికోడల్ని లోలోపల తిట్టుకుంటూ తుడుస్తున్నాను. బురద అనుకునే తుడిచాను. అంతే. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు."

దర్జీ తల ఊపాడు. అది తను ఎదురుచూసిందే అన్నట్టు, అయినా అడక్కుండా ఉండలేకపోయినట్టు. లేవబోయాడు.

"కాకపోతే అది ఒక పట్టాన రాలేదు" అంది తళతళ.

"ఏమిటి రాలేదు?"

"ఆ మరక. మిగతావన్నీ ఒక్క చెంబుకు కరిగిపోయాయి. అదొక్కటి చాలాసేపు పట్టుకు కూర్చుంది. నానబెట్టాను, రుద్దాను, మళ్ళీ నీళ్ళు కొట్టాను. నా చెయ్యి నొప్పెట్టాక గాని వదల్లేదు. ఒళ్ళు మండి తిట్టాను కూడా."

"ఏమని?"

"ఎందుకులే."

"ఏమని తిట్టావు?"

తళతళ కొంగు అంచు నలిపింది. "ఎంత మొండిఘటానివే, ఇన్ని నీళ్ళు పోసినా కదలవేం అని."

దర్జీ మొహంలో ఏదో జరిగింది. ముందు మూతి వంకర పోయింది, తర్వాత భుజాలు ఊగాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తళతళకు తెలియలేదు. అతనికీ తెలిసి ఉండదు.

"ఆవిడే" అన్నాడు. "ఇంకెవరూ కాదు. మా అమ్మే." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఏదీ, ఇంకోసారి తిట్టు."

"నిన్నా?"

"ఆవిణ్ణి."

తళతళ లేచి తలుపు ముందుకు వచ్చి నిలబడింది. నడుం మీద చేతులు పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఆ రోజు తిట్టినట్టే తిట్టింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక, "అంత నెమ్మదిగా తిడితే ఆవిడకు వినపడదు" అన్నాడు.

తళతళ మళ్ళీ మొదలుపెట్టింది.